మోకాళ్ళ నొప్పి, ఆయాసం ఉన్న పెద్దలను విశాఖ జూ పార్కుకు తీసుకువెళ్ళడం: ఇంటి గడప నుంచి మళ్ళీ ఇంటి గడప దాకా

విశాఖపట్నంలోని ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల కంబాలకొండ అటవీ ప్రాంతంలో 625 ఎకరాల్లో పరచుకొని ఉంది. 1977లో ప్రారంభమైన ఈ పార్కుకు అప్పట్లో పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకొని తీసుకువెళ్ళిన తండ్రులు, ఇప్పుడు మోకాళ్ళు అరిగి, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడుతూ, "మీరు వెళ్ళి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాను" అంటున్నారు. ఆ మాటకు అర్థం వారికి రావాలని లేదని కాదు. దారి మధ్యలో కాలు కదలకపోతే తమ వల్ల అందరికీ ఇబ్బంది అవుతుందన్న భయమే వారి చేత ఆ మాట అనిపిస్తుంది.

మా నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పని చేసి పదవీ విరమణ చేశారు. ఆయనకు రెండు మోకాళ్ళూ అరిగాయి, ఊపిరితిత్తుల జబ్బు ఉంది, రక్తపోటుకు వాడే మందుల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర కూడా ఒకటి ఉంది. ఆయనను బయటకు తీసుకువెళ్ళిన ప్రతిసారీ నేను నేర్చుకున్నదంతా ఒక్క విషయం దగ్గరికే వచ్చి ఆగింది. ఏమేం చూడాలన్న లెక్కతో కాక, ఎక్కడెక్కడ కూర్చోవాలన్న లెక్కతో రోజును అల్లుకోవాలి. అలసట వచ్చాక కాదు, రాకముందే కూర్చోవాలి. కింద రాసిన అడుగులన్నీ ఆ లెక్కను కుదుర్చుకోవడానికే. ఇదే ఊళ్ళోని కొండ మీది పార్కు కైలాసగిరికైనా, పొరుగూళ్ళలోని పెద్ద వినోద పార్కులకైనా ఇవే పనికివస్తాయి.

మొదటి అడుగు: వారం ముందు ఒక కొలత

"కొంచెం దూరం నడవగలరు" అనే అంచనాతో బయలుదేరకూడదు. ఉదయం పూట వాహనాలను ఆపివేసే రామకృష్ణా బీచ్ రోడ్డు ఈ కొలతకు చక్కని చోటు. నేల చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి గట్టు దొరుకుతుంది, పక్కన బండి వస్తుందన్న బెదురు ఉండదు. పెద్దవారిని తమకు అలవాటైన నడకతో నడవనిచ్చి, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలిగారో, ఆగిన తరువాత ఊపిరి కుదుటపడడానికి ఎంతసేపు పట్టిందో, ఏ ఆసరా లేకుండా ఒకే చోట ఎంతసేపు నిలబడగలిగారో ఒక కాగితం మీద రాయాలి. ఇంటి దగ్గర ఎన్ని మెట్లు ఎక్కగలరో, ఎన్ని గంటలకొకసారి బాత్రూముకు వెళ్ళవలసి వస్తుందో కూడా అదే కాగితం మీద చేర్చాలి.

నిలబడే సమయాన్ని విడిగా కొలవమనడానికి కారణం ఉంది. మా నాన్నగారు 12 నిమిషాలు నడవగలిగినా, కదలకుండా నిలబడమంటే 4 నిమిషాలకే గోడ వెతుక్కున్నారు. మోకాళ్ళు అరిగినవారిలో చాలామందికి నడక కంటే టికెట్టు వరుసే ఎక్కువ బాధ పెడుతుంది. కాగితం మీద వచ్చిన నడక, నిలబడే నిమిషాల అంకెలను సగం చేసుకొని, ఆ సగాన్నే పార్కులో కొలబద్దగా పెట్టుకోవాలి. ఎందుకంటే జూలో దారులు బీచ్ రోడ్డులా చదునుగా ఉండవు, ఎండా ఉక్కా కూడా తోడవుతాయి.

రెండో అడుగు: డాక్టరు దగ్గర అడగవలసినవి

"ప్రయాణం చేయవచ్చా" అని అడిగితే "జాగ్రత్తగా వెళ్ళండి" అనే జవాబే వస్తుంది. ప్రశ్నలు స్పష్టంగా ఉండాలి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రను ఆ రోజు ఏ వేళకు వేసుకోవాలి? గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడుతుంటే ఎండలో ఎంతసేపు ఉండవచ్చు? రోజుకు ఎన్ని లీటర్ల నీళ్ళు తాగవచ్చు? వేలికి పెట్టే పరికరంలో ఆక్సిజన్ శాతం ఎంతకు పడిపోతే వెనక్కి రావాలి? ఈ చివరి అంకెను డాక్టరు నోటి నుంచే వినాలి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి తగిన అంకె ఆరోగ్యవంతుల అంకె కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి, ఇంటర్నెట్‌లో చూసిన అంకెను పట్టుకొని కంగారుపడడమూ తప్పే, ధీమాగా ఉండడమూ తప్పే. ఏ మాత్రనైనా సొంతంగా మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు.

మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, రక్తం గ్రూపు, ఇంటివారి ఫోను నంబర్లు రాసిన ఒక చీటీని పెద్దవారి చొక్కా జేబులోనే ఉంచాలి. ఆ చీటీ మన సంచిలో ఉంటే, మనం పక్కన లేని సమయంలో అది ఎవరికీ ఉపయోగపడదు. వికలాంగ ధ్రువీకరణ కార్డు ఉంటే దానినీ తీసుకువెళ్ళాలి.

మూడో అడుగు: రోజును ఎంచుకోవడం

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మన ఊళ్ళో ఇటువంటి ప్రయాణానికి తగిన కాలం. విశాఖ ఎండను థర్మామీటరు అంకెతో కొలిచి మోసపోకూడదు. విజయవాడ కంటే ఇక్కడ ఉష్ణోగ్రత తక్కువే చూపించినా, సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు ఉండి గాలిలో తేమ 75 శాతం ఉంటే ఒంటికి 40 డిగ్రీలు దాటినట్టే ఉంటుంది. ఆయాసం ఉన్నవారికి ఆ ఉక్కపోత రెట్టింపు భారం. దానికితోడు 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లను నేలకూల్చింది. ఆ తరువాత నాటినవి ఎదుగుతున్నా, నీడ ఎక్కడైనా దొరుకుతుందిలే అనే నమ్మకంతో మాత్రం బయలుదేరకూడదు.

జూకు సోమవారం సెలవు. ఆదివారాలు, సంక్రాంతి మూడు రోజులు, జనవరి 1, కార్తిక మాసపు వనభోజనాల రోజులు మనకు పనికిరావు. జనం తోసుకోవడం ఒక్కటే ఇబ్బంది కాదు. ఆ రోజుల్లో బ్యాటరీ వాహనాల కోసం నిలబడే సమయం మన కాగితం మీది అంకెను దాటిపోతుంది. మంగళవారం నుంచి గురువారం లోపు, పాఠశాలల విహారయాత్రలు లేని రోజు అన్నిటికంటే మేలు.

నాలుగో అడుగు: ఫోను చేసి కనుక్కోవడం

బయలుదేరడానికి రెండు రోజుల ముందు పార్కు కార్యాలయానికి ఫోను చేయాలి. జూలో బ్యాటరీ వాహనాలు ఉన్నాయి. వాటి గురించి అడగవలసినవి ఇవి: వాహనం మధ్యలో ఆగుతుందా, లేక ఒకే చుట్టులో తిప్పి దింపేస్తుందా? దిగినచోట మళ్ళీ ఎక్కించుకుంటారా? మడిచిన చక్రాల కుర్చీని లోపల పెట్టనిస్తారా? ఎక్కే మెట్టు ఎంత ఎత్తులో ఉంటుంది? ఈ ప్రశ్నలు అడగనందుకు ఒకసారి మరో ఊరి పార్కులో మేము ఇబ్బంది పడ్డాము. వాహనం మమ్మల్ని ఒక చివర దింపి వెళ్ళిపోయింది, తిరిగి వచ్చే దారి మాత్రం నడకే అని దిగాక తెలిసింది. ఆ రోజు నాన్నగారు పది అడుగులకొకసారి ఆగుతూ నా భుజం పట్టుకొని నడిచిన నడక నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

తరువాత అడగవలసింది మరుగుదొడ్డి గురించి. కుర్చీలా కూర్చునే కమోడు ఉన్న మరుగుదొడ్డి ఎక్కడుంది, దాని గుమ్మానికి ఎన్ని మెట్లు, లోపల పట్టుకోవడానికి కమ్మీ ఉందా అన్నవి తెలుసుకోవాలి. చక్రాల కుర్చీ సులువుగా వెళ్ళాలంటే తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం 12 అడుగుల పొడవైన వాలు ఉండాలి. అంతకంటే నిటారుగా ఉన్నదాని పక్కన చక్రాల కుర్చీ బొమ్మ గీసి ఉన్నా, ఒక్కరే తోయడం ప్రమాదకరం. జూకు జాతీయ రహదారి వైపు ఒక ద్వారం, సాగర్ నగర్ బీచ్ వైపు మరొక ద్వారం ఉన్నాయి. ఏ ద్వారం దగ్గర కారు ఆపితే ఆ ద్వారం నుంచే బయటకు రావాలి. ఇది చిన్న మాటలా అనిపిస్తుంది కానీ, రోజు చివరి అరగంట దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఐదో అడుగు: చక్రాల కుర్చీ, దానికి ఒప్పించడం

ఇంట్లో నడవగలిగే మనిషికి కూడా ఇంత పెద్ద పార్కులో చక్రాల కుర్చీ కావాలి. వైద్య పరికరాల దుకాణాల్లో అద్దెకు దొరుకుతుంది. ఇనుప చట్రంతో ఉండే మామూలు కుర్చీ 15 నుంచి 18 కిలోల బరువు ఉంటుంది. అద్దెకు తీసుకునేటప్పుడే బ్రేకులు రెండు వైపులా సమంగా పడుతున్నాయో లేదో, టైర్లలో గాలి ఉందో లేదో, పాదాలు పెట్టుకునే పలకలు సులువుగా పైకి మడత పడుతున్నాయో లేదో చూడాలి. టాక్సీ మాట్లాడేటప్పుడు డిక్కీలో గ్యాస్ సిలిండరు ఉందా అని తప్పక అడగాలి. సిలిండరు ఉన్న కారులో మడిచిన కుర్చీ పట్టదు, ఆ సంగతి గుమ్మం ముందు తెలిస్తే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

కుర్చీ దొరకడం కంటే దానిలో కూర్చోవడానికి పెద్దవారు ఒప్పుకోవడం కష్టం. "ఏమ్మా, అప్పుడే నన్ను రోగిని చేసేశావా?" అన్నారు నాన్నగారు. నేను వాదించలేదు. "మీరు కూర్చోకండి నాన్నా, సంచులు దాని మీద పెట్టుకొని మీరే తోసుకుంటూ రండి" అన్నాను. కుర్చీ చేతి పట్టీలు పట్టుకొని నడిస్తే అది చేతికర్ర కంటే గట్టి ఆసరా. పావుగంట అలా నడిచాక, జింకల ఆవరణ దగ్గర, ఎవరూ చెప్పకుండానే ఆయన సంచులు తీసి కింద పెట్టి, బ్రేకు వేసి, కూర్చున్నారు. ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. కూర్చునే అవకాశం మాత్రం ఎప్పుడూ చేతికందేలా ఉంచాలి. వారిని అడగకుండా కుర్చీని తోయడం, వారి గురించి వారి ముందే పార్కు సిబ్బందితో మాట్లాడడం కూడా మానుకోవాలి. అడగవలసింది వారినే.

కుర్చీ తోయడానికి ఒక పద్ధతి ఉంది. పల్లంలోకి దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, తోసేవారు ముందుగా వెనకడుగులతో దిగుతూ బరువును తమ ఒంటితో ఆపాలి. గట్టు ఎక్కేటప్పుడు వెనుక ఉన్న చిన్న గొట్టాన్ని కాలితో నొక్కి, ముందు చక్రాలు లేపి ఎక్కించాలి. కంకర నేల మీద, మురుగు జాలీల దగ్గర ముందు చక్రాలే ఇరుక్కుంటాయి. ఒకసారి మా కుర్చీ చక్రం ఇనుప జాలీ సందులో దిగబడి, ముందుకు తోస్తున్న నా చేతుల కింద కుర్చీ ఒక్కసారిగా ఆగిపోయింది. నాన్నగారు ముందుకు జారి, మోకాలితో పలకను గుద్దుకున్నారు. అప్పటి నుంచి జాలీ కనబడితే కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలతో దాటిస్తున్నాను. లేచేటప్పుడు పాదాల పలకలను మడవకుండా వాటి మీద బరువు పెట్టి నిలబడితే కుర్చీ ముందుకు ఒరిగిపోతుంది. ముందు బ్రేకు, తరువాత పలకలు, ఆ తరువాతే లేవడం. ఈ వరుసను ఇంటి వరండాలో నాలుగైదుసార్లు సాధన చేయాలి.

ఆరో అడుగు: సంచి

మందులను అట్టలతో సహా, రెండు రోజులకు సరిపడా తీసుకోవాలి. పీల్చే మందును, దాని గొట్టాన్ని సంచి అడుగున కాకుండా పై జేబులో పెట్టాలి. ఎండలో ఆగి ఉన్న కారులో ఎప్పుడూ వదలకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు దానిని పలచటి గుడ్డలో చుట్టి, చల్లటి ఫ్లాస్కులో, మంచు నేరుగా తగలకుండా ఉంచాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. నీటితో తడిపి వాడే చల్లటి సంచులు మన సముద్రతీరపు తేమలో ఆరవు కాబట్టి వాటిని నమ్ముకోకూడదు. షుగరు ఉన్నవారికి గ్లూకోజు పొడి లేదా చక్కెర తప్పనిసరి. నీళ్ళకు ప్లాస్టిక్ సీసాలకు బదులు స్టీలు సీసా మేలు. గొడుగు, ఒక జత బట్టలు, చిన్న తువ్వాలు, కూర్చోవడానికి మడత స్టూలు చాలు. భోజనానికి ఇడ్లీ, అరటిపండు వంటి తేలికైనవి తీసుకోవాలి. పులిహోర మనకు ప్రయాణపు వంట అయినా, రక్తపోటు ఉన్నవారికి దానిలోని ఉప్పు, ఆ పైన దాహం రెండూ ఇబ్బందే. ఓఆర్ఎస్ ప్యాకెట్టును దాని మీద రాసినన్ని నీళ్ళలోనే, సాధారణంగా ఒక లీటరులో, కలపాలి. గుండె బలహీనత, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం డాక్టరు చెప్పనిదే ఇవ్వకూడదు.

నీళ్ళ విషయంలో ఒక మాట కాస్త ఎక్కువగా చెప్పవలసి ఉంది. బయటకు వెళ్ళే రోజున మన పెద్దలు, అందులోనూ ఆడవారు, మరుగుదొడ్డి అవసరం రాకూడదని ఉదయం నుంచే నీళ్ళు మానేస్తారు. ఆ సంగతి ఎవరికీ చెప్పరు. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి పడిపోతే దానిని మనం ఎండదెబ్బ అనుకుంటాము. దీనికి మందు బోధ కాదు, ఏర్పాటు. లోపలికి వెళ్ళగానే ముందుగా మరుగుదొడ్డిని వారికి స్వయంగా చూపించాలి, అది శుభ్రంగా ఉందో లేదో మనం ముందు లోపలికి వెళ్ళి చూసి రావాలి, గంటన్నరకొకసారి "నేను వెళ్తున్నాను, మీరూ వస్తారా" అని అడగాలి. అవసరమైతే పెద్దల డైపరు వేసుకోవడంలో తప్పేమీ లేదని ఇంట్లోనే, నలుగురి ముందు కాకుండా, చెప్పాలి. దారి తెలిసిన మనిషి ధైర్యంగా నీళ్ళు తాగుతారు.

ఏడో అడుగు: పార్కు లోపల

ఉదయం ద్వారం తెరిచే వేళకే చేరుకొని, మధ్యాహ్నం 12 గంటలలోపు బయటపడాలి. మొదట ఒకరు వెళ్ళి టికెట్లు తీసుకునే దాకా పెద్దవారు కారులోనే కూర్చోవాలి. బ్యాటరీ వాహనంలో దూరపు ఆవరణలను ముందు చూసి, దగ్గరివాటిని తరువాతకు ఉంచుకోవాలి. ఓపిక తగ్గేకొద్దీ ద్వారం దగ్గరపడుతూ ఉండాలి. అన్నీ చూడాలన్న పట్టు వదిలిపెట్టి నాలుగైదు ఆవరణలు ఎంచుకుంటే చాలు. తెల్లపులి దగ్గర రెండు నిమిషాలు నిలబడి పరుగెత్తడం కంటే, నీటి ఏనుగుల మడుగు దగ్గర నీడలో అరగంట కూర్చోవడం మేలు. అవి మునిగి తేలేదాకా ఎదురు చూడడంలోనే అక్కడి ఆనందం ఉంది. ఆస్తమా ఉన్నవారు పక్షుల ఆవరణలకు, గడ్డి మోపులకు మరీ దగ్గరగా వెళ్ళకుండా, గాలి తమ వైపు నుంచి వీచే పక్కన నిలబడాలి.

కాగితం మీది కొలబద్ద చెప్పినప్పుడల్లా, ఎంత లేదన్నా ప్రతి పావుగంటకు ఐదు నిమిషాలు, అడిగినా అడగకపోయినా, అందరూ కూర్చోవాలి. అందరూ అనడంలో పిల్లలూ ఉన్నారు. పెద్దవారు ఒక్కరే కూర్చుంటే వారికి మనసు ఒప్పదు. మాటను గమనిస్తూ ఉండాలి. ఒక పూర్తి వాక్యాన్ని ఒకే ఊపిరిలో చెప్పలేకపోతున్నారంటే అక్కడే ఆగాలి. మామూలుగా మాట్లాడే మనిషి మౌనంగా మారినా అది అలసటే.

కైలాసగిరికి వెళ్ళాలనుకునేవారికి రెండు మాటలు. కొండ పైదాకా వాహనం వెళ్ళే రోడ్డు ఉంది కాబట్టి మెట్ల దారిని వదిలి కారులోనే వెళ్ళాలి. రోప్‌వే, చిన్న రైలు ఎక్కాలనుకుంటే ఎక్కే మెట్టును, దిగే సమయాన్ని ముందు దూరం నుంచి చూసి నిర్ణయించుకోవాలి. బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిలో గదికీ గదికీ మధ్య ఉన్న గుండ్రటి తలుపుల్లో నుంచి వంగి, కాలు ఎత్తి దాటవలసి ఉంటుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు దానిని బయటి నుంచి చూడడమే మంచిది. వినోద పార్కుల్లోని వేగపు ఆటలు గుండె జబ్బు, మెడ, నడుము నొప్పి, మూర్ఛ, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారికి తగవు.

ఎనిమిదో అడుగు: ఒకవేళ ఏదైనా జరిగితే

108కి ఫోను చేసేటప్పుడు "జూలో ఉన్నాము" అంటే చాలదు. ఏ ద్వారం, ఏ ఆవరణ దగ్గర అన్నది చెప్పి, వాహనం వచ్చే గేటు తెరిపించమని సిబ్బందిని ఒకరు వెళ్ళి అడగాలి. జూ నుంచి హనుమంతవాక కూడలిలోని విమ్స్ ఆసుపత్రి దగ్గర. ఊరి మధ్యలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది ఎండదెబ్బ: నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోసి విసరాలి, స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. షుగరు 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లాగడం, చెమటలు పట్టడం కనబడితే ఒక్క అడుగు కూడా నడిపించకూడదు.

ఇంటికి వచ్చాక

మరునాడు పెళ్ళి, పేరంటం ఏదీ పెట్టుకోకూడదు. మోకాళ్ళు వాస్తే గుడ్డలో చుట్టిన మంచును పది, పదిహేను నిమిషాలు పెట్టవచ్చు. షుగరు ఉన్నవారి పాదాలను, వేళ్ళ సందులను ఆ రాత్రే దీపం వెలుతురులో చూడాలి. స్పర్శ తగ్గినవారికి చెప్పు ఒరుసుకున్న సంగతి తెలియదు. ఆ తరువాత వారం కిందటి కాగితాన్ని తీసి, నిజంగా ఎంత నడిచారో, ఎన్నిసార్లు కూర్చున్నారో, ఏ చోట ఇబ్బంది పడ్డారో దాని కింద రాసి భద్రపరచాలి. మా ఇంటి కాగితంలో నా రాత కింద నాన్నగారి రాత ఒక వరుస ఉంది: "వచ్చేసారి జింకల దగ్గర కాదు, గేటు దగ్గరే కుర్చీలో కూర్చుంటాను. నీటి ఏనుగుల దగ్గర గంట కావాలి."